పద్నాలుగు పేర్లున్నా పరీక్షలు రెండే

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో సీనియర్ ఇంటర్, ఎంపీసీ. ఫస్టియర్‌లో 470కి 438 వచ్చాయి. ఫిజిక్స్ అంటే ప్రాణం. ఇంజినీరింగ్ వద్దు, సైన్సే చదువుతానని పట్టుబట్టింది. కాలేజీలో జేఈఈ, ఎంసెట్ తప్ప మరో మాట లేదు. నేనే ఇంటర్నెట్‌లో వెతికి కేంద్రం నడిపే సైన్స్ సంస్థలు ఐసర్లు ఏడు, ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీలు అయిదు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, పాండిచ్చేరి యూనివర్సిటీ, మొత్తం పద్నాలుగు పేర్లు రాసుకున్నాను. ఇన్ని చాలా, ఇంకా పెట్టాలా? బీఎస్సీ చదివి ఏం చేస్తుందని వాళ్ల నాన్నకు దిగులు. మేం బీసీ-డి. — ఒక తల్లి, హనుమకొండ

సమాధానం: మీ కాగితం మీద పేర్లు పద్నాలుగున్నాయి గానీ, దారులు రెండే ఉన్నాయండీ. ఏడు ఐసర్లకూ కలిపి ఒక్కటే పరీక్ష, ఐఏటీ. మిగతా ఏడింటికీ కలిపి ఇంకొక్కటి, సీయూఈటీ. ఐఏటీ రోజు పిల్లకు జ్వరం వచ్చిందంటే ఏడు పేర్లు ఒక్కసారే కొట్టేయాలి. సీయూఈటీ ఫారంలో ఒక పేపరు టిక్కు పెట్టడం మరిచిపోతే మిగతా ఏడింటిలో చాలావాటికి అదే గతి. అందుకని ముందు ఆ కాగితం పక్కన పెట్టి, కాలేజీల పేర్ల బదులు పరీక్షల పేర్లతో కొత్త జాబితా రాయండి. దాన్ని కింది నుంచి పైకి రాయండి. అందరూ పై నుంచి మొదలుపెట్టి, కిందికొచ్చేసరికి ఓపిక అయిపోయి, చివరి వరుసలో ఏదో ఒక కాలేజీ పేరు పడేస్తారు. జూలైలో చాలామంది పిల్లలు చేరేది ఆ చివరి వరుసలోనే.

కాబట్టి మొదట చేతిలో ఉన్నట్టే అనుకోదగ్గ సీటు. మీ విషయంలో అది దోస్త్ (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఉమ్మడి ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా వచ్చే బీఎస్సీ. ఇంటర్ మార్కుల మీదే సీటు కాబట్టి పరీక్ష గండం లేదు. 470కి 438 అంటే 93 శాతం. సెకండియర్‌లోనూ ఇదే తీరు ఉంటే మీ ఊళ్లోని ప్రభుత్వ కాలేజీలు అందుతాయి: సుబేదారిలోని యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, కాకతీయ ప్రభుత్వ కాలేజీ, ఆడపిల్లలకు పింగళి ప్రభుత్వ మహిళా కాలేజీ. హైదరాబాద్‌లో నిజాం కాలేజీ, కోఠి మహిళా కళాశాల ఉన్నాయి. కోఠి ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయమైంది. ఆ రెండింటికీ పోటీ ఎక్కువ, కాబట్టి వాటిని భరోసా ఖాతాలో వేయకండి, ఒక మెట్టు పైన ఉంచండి.

భరోసా సీటంటే వచ్చే సీటు మాత్రమే కాదు, వస్తే ఏడవకుండా చేరే సీటు. పిల్ల 'అక్కడికైతే నేను పోను' అంటే అది జాబితాలో ఉన్నా లేనట్టే. అందుకే ఈ రెండు మూడు నెలల్లో ఒక పూట తీరిక చేసుకుని, ఆమెను వెంటబెట్టుకుని ఆ కాలేజీలకు వెళ్లి రండి. ఆఫీసు గదిలో కూర్చుని ఫీజెంతని అడిగితే ఏమీ తెలియదు. ఫిజిక్స్ ల్యాబు చూస్తామని అడగండి. స్పెక్ట్రోమీటర్లు ఎన్ని ఉన్నాయి, వాటి పక్కన సోడియం దీపం వెలుగుతోందా, ట్రావెలింగ్ మైక్రోస్కోపులు బీరువాలో గుడ్డ కప్పుకుని ఉన్నాయా, బల్ల మీద ఉన్నాయా చూడండి. వీలైతే సెకండియర్ పిల్లల ప్రాక్టికల్ రికార్డు ఒకటి చేతిలోకి తీసుకోండి. న్యూటన్ రింగ్స్ ప్రయోగంలో అందరి రీడింగులూ అచ్చు గుద్దినట్టు ఒకటేగా ఉంటే ఆ ప్రయోగం నిజంగా చేయించలేదని అర్థం. తర్వాత రెండే ప్రశ్నలు అడగండి: ఫిజిక్స్‌కు పర్మనెంట్ లెక్చరర్లు ఎంతమంది, ఇదే ప్రాంగణంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఉందా? ఎమ్మెస్సీ ఉన్న చోట లైబ్రరీలో పుస్తకాలూ ఉంటాయి, మూడో ఏడు డౌట్లు తీర్చే మనిషీ ఉంటాడు.

గ్రూపు దగ్గర ఒక జాగ్రత్త. దోస్త్ వెబ్ ఆప్షన్లలో మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ లాంటి కలయికలు చాలా కనిపిస్తాయి. ఊళ్లో అందరూ కంప్యూటర్స్ ఉన్నదే పెట్టమంటారు. పెట్టినా తప్పులేదు గానీ, ఫిజిక్స్ మూడేళ్లూ ప్రధాన సబ్జెక్టుగా సాగుతుందో లేదో చూసుకోండి. రేపు ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ ప్రవేశ పరీక్ష రాయాలన్నా, యూనివర్సిటీలో పీజీ సీటు కావాలన్నా డిగ్రీలో చదివిన సబ్జెక్టు దగ్గరే వడపోత మొదలవుతుంది. ఆంధ్రలో చదివే పిల్లలు ఫిజిక్స్‌ను మేజర్‌గా పెట్టుకుంటే ఈ చిక్కు తక్కువ. అక్కడ దోస్త్ స్థానంలో ఓఏఎండీసీ ఉంటుంది.

ఇక మధ్య వరుస, చెయ్యి చాపితే అందేది. ఇది సీయూఈటీ. 2025 పద్ధతిలో ఒక విద్యార్థి గరిష్ఠంగా అయిదు పేపర్లు రాయొచ్చు. ఒక్కో పేపరుకు 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఒప్పుకు 5 మార్కులు, తప్పుకు ఒకటి కోత. మీ అమ్మాయి పెట్టాల్సినవి ఇంగ్లిష్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, జనరల్ టెస్ట్. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది భాషా పేపరు దగ్గర. 'సైన్స్ సీటుకు ఇంగ్లిష్ దేనికి' అని వదిలేస్తారు. ఢిల్లీ యూనివర్సిటీలో బీఎస్సీ ఆనర్స్ ఫిజిక్స్‌కు మెరిట్ లెక్క ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మార్కులతోనే కడతారు. కానీ ఒక భాషా పేపరు రాసి అందులో కనీస మార్కులు తెచ్చుకోకపోతే ఆ మెరిట్ లెక్కలోకే రారు. సబ్జెక్టుల్లో మంచి మార్కులు తెచ్చుకుని, భాష పెట్టనందుకు బయట నిలబడ్డ పిల్లలు ఏటా కనిపిస్తూనే ఉంటారు.

రెండో దెబ్బ ఇంకోచోట. సీయూఈటీ రాశాక పని అయిపోయిందనుకుంటారు. సీయూఈటీ మార్కులిస్తుంది, సీటివ్వదు. ఢిల్లీ యూనివర్సిటీకి సీఎస్ఏఎస్ పోర్టల్‌లో విడిగా నమోదు కావాలి, హెచ్‌సీయూకు దాని సొంత వెబ్‌సైట్లో విడిగా, పాండిచ్చేరికి విడిగా. ఆ కిటికీలు ఎప్పుడూ తెరిచి ఉండవు. మీ జాబితాలో ప్రతి పేరు పక్కనా రెండు గళ్లు గీయండి: పరీక్ష ఫారం నింపామా, యూనివర్సిటీ ఫారం నింపామా. రెండూ టిక్కయితేనే అది దరఖాస్తు.

హెచ్‌సీయూ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ, గచ్చిబౌలిలో క్యాంపస్, మీ ఊరికి నాలుగు గంటల ప్రయాణం లోపే. ఫిజిక్స్ ఇష్టమున్న తెలంగాణ పిల్లకు ఢిల్లీలోని ఓ మామూలు కాలేజీ కంటే ఇది మేలు. మీ అయిదు ఢిల్లీ కాలేజీల్లో హిందూ, సెయింట్ స్టీఫెన్స్ లాంటివి ఉంటే ఉంచుకోండి. పేరులో ఢిల్లీ ఉందని మాత్రమే పెట్టుకున్నవి ఉంటే, అక్కడి హాస్టల్ సంగతి ముందు కనుక్కోండి. చాలా కాలేజీల్లో హాస్టల్ సీట్లు తక్కువ, బయట పేయింగ్ గెస్టుగా ఉంచాలంటే నెల ఖర్చు మన హాస్టళ్లకు రెట్టింపు దాటుతుంది.

సీయూఈటీని మధ్య వరుసలో పెట్టడానికి ఇంకో కారణం ఉంది. ఇక్కడ పిల్ల ఎక్కడ నిలబడిందో ముందే లెక్కకట్టొచ్చు. ఢిల్లీ యూనివర్సిటీ ప్రతి రౌండుకూ కాలేజీవారీగా, కోర్సువారీగా, కేటగిరీవారీగా కనీసం ఎన్ని మార్కులకు సీటిచ్చిందో బయటపెడుతుంది. ఇంట్లో మూడు పేపర్లు టైము పెట్టి రాయించి, 750కి ఎన్ని వచ్చాయో చూసి, ఆ పట్టికలో ఓబీసీ గడితో పోల్చండి. అసలు పరీక్షలో మార్కుల్ని నార్మలైజ్ చేస్తారు (వేర్వేరు షిఫ్టుల మధ్య సరిచేస్తారు), ఇంట్లో రాసిన దానికి ఆ లెక్క ఉండదు. కాబట్టి కనీసం 50 మార్కుల తేడాతో పైన ఉంటేనే 'అందుతుంది' అని రాసుకోండి.

ఇప్పుడు పైవరుస. ఇక్కడ కాస్త నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే మీ అమ్మాయి ఫిజిక్స్‌కు అసలు చోట్లు ఇవే.

ఐసర్లు పుణె, కోల్‌కతా, మొహాలీ, భోపాల్, తిరువనంతపురం, తిరుపతి, బరంపురం. అయిదేళ్ల బీఎస్-ఎంఎస్. ఏడింటిలో కలిపి రెండు వేలకు పైగా సీట్లు. ఇదివరకు కేవీపీవై ఫెలోషిప్ పరీక్ష, జేఈఈ అడ్వాన్స్‌డ్ దారులు కూడా ఉండేవి, 2024 నుంచి ఐఏటీ ఒక్కటే. ఇంటర్‌లో 60 శాతం ఉండాలి, మీకు అది సమస్య కాదు. పరీక్ష మూడు గంటలు, 60 ప్రశ్నలు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ తలా 15. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1, మొత్తం 240.

చూశారుగా, బయాలజీ ఉంది. ఎంపీసీ పిల్లలు చతికిలబడేది ఇక్కడే. కాలేజీలో ఎవరూ చెప్పరు, టైంటేబుల్లో ఉండదు, పరీక్ష హాల్లో ఆ 15 ప్రశ్నలూ వదిలేసి వస్తారు. అంటే 240కి రాయాల్సింది 180కే రాసినట్టు. బైపీసీ పిల్లలకు మ్యాథ్స్‌తో ఇదే బాధ ఉంటుందనుకోండి, కానీ పదో తరగతి దాకా లెక్కలు చేసిన అలవాటు వాళ్లకు కొంత పనికొస్తుంది. మీ అమ్మాయి బయాలజీ మొత్తం చదవక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోంచి కణం, కణ విభజన, జీవాణువులు, కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ, మెండెల్ జన్యుశాస్త్రం, డీఎన్ఏ అధ్యాయం, పరిణామం, ఆవరణశాస్త్రం. రోజుకు 40 నిమిషాల చొప్పున మూడు నెలలు. ఏడు ఒప్పు, మూడు తప్పు వచ్చినా 28 లోంచి 3 పోగా 25 మార్కులు. వదిలేసి వచ్చిన పిల్లకూ ఈ పిల్లకూ మధ్య ఆ 25 మార్కుల్లో ర్యాంకులు వందల్లో మారిపోతాయి.

నెగెటివ్ మార్కులంటే మన పిల్లలకు వణుకు. ఒక్కసారి లెక్క చేసి చూపించండి. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని పెట్టినా, నాలుగుసార్లు పెడితే ఒకటి ఒప్పు, మూడు తప్పు అనుకుందాం: 4 లోంచి 3 పోతే ఒక మార్కు మిగులే. ఒక ఆప్షన్ కచ్చితంగా తప్పని తెలిస్తే మూడుసార్లకు ఒకటి ఒప్పు, రెండు తప్పు: రెండు మార్కులు మిగులు. అంటే ఐఏటీలో ఒక ఆప్షన్ కొట్టేయగలిగిన ప్రశ్నను వదిలేయడం నష్టం. ఈ లెక్క ప్రతి పరీక్షకూ వర్తించదు, మార్కుల తీరు మారితే లెక్కా మారుతుంది.

నెస్ట్ అనే పరీక్ష కూడా మీ జాబితాలో తప్పక ఉండాలి. మీ కాగితంలో అసలు లేదు. భువనేశ్వర్‌లోని నైసర్‌కూ, ముంబైలోని సీఈబీఎస్‌కూ ఇదే ప్రవేశ పరీక్ష. రెండూ అణుశక్తి విభాగం కిందివి, అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ. నాలుగు సెక్షన్లుంటాయి కానీ మంచి మార్కులు వచ్చిన మూడే ర్యాంకుకు లెక్కలోకి తీసుకుంటారు. ఎంపీసీ పిల్ల బయాలజీ ముట్టుకోకపోయినా నష్టం లేదు. ఐఏటీలో పోగొట్టుకున్నది ఇక్కడ రాబట్టుకోవచ్చు. సీట్లు తక్కువ, నైసర్‌లో రెండు వందల చిల్లర. చేరిన పిల్లలకు దిశ పేరుతో ఏడాదికి 60,000 రూపాయల స్కాలర్‌షిప్, వేసవి ప్రాజెక్టుకు మరో 20,000 ఇస్తారు.

ఐఐఎస్సీ బెంగళూరు నాలుగేళ్ల బీఎస్ రీసెర్చ్‌కు ఐఏటీ ర్యాంకు గానీ, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు గానీ చూస్తారు. అయితే ఐఏటీ రాసినంత మాత్రాన ఐఐఎస్సీకి పెట్టినట్టు కాదు, దాని దరఖాస్తు వేరు. ఇది అందరికీ ఎగిరితే అందేదే, ఎంత చురుకైన పిల్లకైనా. జేఈఈ మెయిన్ ఎలాగూ రాస్తోంది కాబట్టి మొదటి రెండున్నర లక్షల్లో ఉంటే అడ్వాన్స్‌డ్ కూడా రాయించండి. ఐఐటీ కాన్పూర్ లాంటి చోట ఫిజిక్స్‌లో బీఎస్ ఉంది, దాని ర్యాంకు కంప్యూటర్ సైన్సు ర్యాంకులా భయపెట్టదు. అంతేగానీ అడ్వాన్స్‌డ్ కోసమని బయాలజీ 40 నిమిషాలు కోసేయకండి.

చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో (సీఎంఐ) మ్యాథ్స్-ఫిజిక్స్ బీఎస్సీ ఉంది. ప్రవేశ పరీక్ష మొత్తం గణితమే, జేఈఈ తరహా కాదు. సమాధానం టిక్కు పెడితే చాలదు, రుజువు రాయాలి. మీ అమ్మాయి ఒక లెక్కను రెండు గంటలు పట్టుకుని కూర్చునే రకమైతే పెట్టించండి. ల్యాబుల మీద మోజుంటే వద్దు.

ఇంకో సంగతి, ముందే అడిగి తెలుసుకోవాల్సింది. ఐసర్లలో మొదట్లో ఫిజిక్స్ పిల్లలు కూడా కెమిస్ట్రీ, బయాలజీ, మ్యాథ్స్ చదివి ల్యాబులు చేయాలి. ఐఐఎస్సీలో మొదటి మూడు సెమిస్టర్లు ఉమ్మడివే. బయాలజీ పేరెత్తితేనే మొహం మాడ్చుకునే పిల్లకు ఆ రోజులు చాలా పొడుగ్గా ఉంటాయి. అలాంటి పిల్లకు హెచ్‌సీయూ, ఢిల్లీ ఆనర్స్, సీఎంఐ మేలు. అందుకే ర్యాంకు బోర్డు మీద పైన ఉన్నదే మీ జాబితాలోనూ పైన ఉండాలని లేదు.

ఐఏటీని నేను పైవరుసలోనే ఉంచమంటాను, పిల్ల ఎంత బాగా చదివేదైనా. కారణం, అక్కడ బయటపెట్టేవి ముగింపు ర్యాంకులు. ఇంట్లో పాత పేపరు రాస్తే వచ్చేది మార్కులు. మార్కుల్ని ర్యాంకులోకి మార్చే పట్టికలు యూట్యూబ్‌లో బోలెడున్నాయి, వాటికి పూచీ ఎవరూ లేరు. ర్యాంకు ముందే తెలియని పరీక్షను భరోసా ఖాతాలో రాయకూడదు. పాత ప్రశ్నపత్రాలు ఐసర్ అడ్మిషన్ వెబ్‌సైట్లోనే దొరుకుతాయి. మూడు పేపర్లు మూడు ఆదివారాలు, ఉదయం 9 నుంచి 12 దాకా, ఫోన్ లేకుండా రాయించండి. మొదటిది లెక్కలోకి తీసుకోకండి. మిగతా రెంటిలో తక్కువ వచ్చినదే ఆమె అసలు స్థాయి. ఎక్కువ వచ్చింది పట్టుకుని మురిసిపోతే జాబితా పైకి తేలిపోతుంది.

ఇప్పుడు మొత్తం లెక్క: ఐఏటీ, నెస్ట్, సీయూఈటీ, ఎలాగూ రాస్తున్న జేఈఈ, ఇష్టమైతే సీఎంఐ, చివర దోస్త్. నాలుగు నుంచి ఆరు దారులు. పద్నాలుగు కంటే చిన్న జాబితాలా కనిపిస్తుంది గానీ, ఏ ఒక్క రోజు పాడైనా ఇంకో దారి ఉంటుంది. 2025 ఫీజుల ప్రకారం ఐఏటీకి 2,000, నెస్ట్‌కు అమ్మాయిలకు 700, సీయూఈటీ అయిదు పేపర్లకు ఓబీసీకి 900తో పాటు రెండు అదనపు పేపర్లకు 750, దోస్త్ మొదటి విడతకు 200. ఈ నాలుగూ కలిపి 4,550 రూపాయలు. ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలు ఇందులో కలపలేదు, కావాలనే. అప్పు చేసి ఫీజు కట్టే సైన్స్ డిగ్రీ ఎవరికీ సలహా ఇవ్వదగ్గది కాదు. బిట్స్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పెట్టించమని ఎవరైనా చెబుతారు. అక్కడ చేరే పిల్లల్లో చాలామంది చూపు రెండో డిగ్రీగా వచ్చే ఇంజినీరింగ్ మీదే ఉంటుంది, మీ అమ్మాయికి కావాల్సింది అది కాదు. ఎంసెట్‌కు ఈ జాబితాతో సంబంధం లేదు. వాళ్ల నాన్న మనశ్శాంతి కోసం రాయిస్తానంటే రాయించండి, దానికని విడిగా చదివించకండి.

తేదీలు ఏటా జరుగుతుంటాయి గానీ ఒక ప్రమాదం మాత్రం గుర్తుంచుకోండి. 2025లో సీయూఈటీ ఫారం మార్చి 1న తెరిచారు, 5న మన ఇంటర్ పరీక్షలు మొదలయ్యాయి. పిల్ల హాస్టల్లో, ఫోన్ ఇంట్లో, ఓటీపీ మీ ఫోన్‌కు, ఫొటో సంతకం ఆమె దగ్గర. గడువు అలా దాటిపోతుంది. ఐఏటీ ఫారం మార్చి, ఏప్రిల్‌లో, నెస్ట్ కూడా దాదాపు అదే కాలంలో. పరీక్షలు మే రెండో వారం నుంచి జూన్ చివరి దాకా. జనవరి నుంచే ప్రతి ఆదివారం నాలుగు వెబ్‌సైట్లూ ఒకసారి తెరిచి చూడండి. ఫొటో, సంతకం, పదో తరగతి మెమో, ఆధార్ స్కాన్ చేసి మీ ఫోన్‌లో ఒక ఫోల్డరులో పెట్టుకోండి. సంక్రాంతి సెలవుల్లో పిల్ల ఇంటికొచ్చినప్పుడే ఆ పని ముగించండి. దోస్త్‌కు ఆధార్‌తో లింకైన మొబైల్ నంబరు ఉండాలి. ఎప్పుడో తీసేసిన సిమ్ము నంబరు ఆధార్‌లో ఉండిపోతే మే నెలలో మీసేవ దగ్గర క్యూ కట్టాలి.

మెమోలో ఉన్న పేరూ ఆధార్‌లో ఉన్న పేరూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరం ఉండటం మన దగ్గర మామూలే. మార్చాల్సింది ఆధార్‌నే, మెమోను కాదు.

మీరు బీసీ-డి అన్నారు కాబట్టి ఇది అన్నిటికంటే ముఖ్యం. మీసేవలో ఇచ్చే మామూలు కుల ధ్రువీకరణ పత్రం ఐసర్‌లో, నైసర్‌లో, సెంట్రల్ యూనివర్సిటీలో పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి, సాధారణంగా ప్రవేశం తీసుకునే ఏడాది ఏప్రిల్ 1 తర్వాత జారీ అయినది అడుగుతారు. ముందు ఇంకోటి చూడాలి: రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో లేదు. జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైట్లో తెలంగాణ జాబితా తెరిచి మీ కులం పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ సంస్థల్లో మీ అమ్మాయి జనరల్ కిందకే వస్తుంది. అప్పుడు మీరు చూసుకోవాల్సిన ముగింపు ర్యాంకు గడి మారిపోతుంది, జాబితాలో మధ్య వరుసలో ఉన్నవి కొన్ని పైకి జరుగుతాయి. సీటొచ్చాక కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ తప్పని తేలితే మాత్రం ఆ రౌండులో సీటు పోయినట్టే.

ర్యాంకు వచ్చాక ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒకే సూత్రం: వచ్చేదాన్ని పైన పెట్టకండి, కావాల్సినదాన్ని పైన పెట్టండి. పుణె ఇష్టం, తిరుపతి వచ్చేలా ఉంది అనుకోండి. భయపడి తిరుపతిని మొదట పెడితే, పుణెకు సరిపడే ర్యాంకు వచ్చినా యంత్రం తిరుపతే ఇస్తుంది. పుణె మొదట, తిరుపతి రెండు పెడితే, పుణె రాకపోయినా తిరుపతి సీటుకు వచ్చే నష్టం ఏమీ లేదు. దోస్త్‌లోనూ, ఢిల్లీలోనూ ఇంతే. తిరుపతి ఐసర్ ఏర్పేడు దగ్గర సొంత క్యాంపస్‌లో ఉంది, ఊరు దూరమని భయపడే ఇళ్లకు మంచి ఎంపిక. కానీ అక్కడ తెలుగు పిల్లలకు ప్రత్యేక కోటా ఏమీ లేదు.

వాళ్ల నాన్నగారి దిగులుకు జవాబు అంకెల్లోనే చెప్పొచ్చు. ఇంటర్ బోర్డులో మొదటి ఒక శాతంలో ఉండి, డిగ్రీలో మూల విజ్ఞాన శాస్త్రాలు చదివే పిల్లలకు కేంద్రం ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఇస్తుంది: ఏడాదికి 80,000, అందులో 60,000 చేతికి, 20,000 వేసవి ప్రాజెక్టుకు. ఇంజినీరింగ్‌లో చేరితే ఇది రాదు. నిజాం కాలేజీలో చేరినా, ఐసర్‌లో చేరినా దీనికి అర్హతే, చేరాక విడిగా దరఖాస్తు పెట్టాలి. ఎమ్మెస్సీ తర్వాత నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుని పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, హెచ్ఆర్ఏ వేరు. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లకు గానీ స్థిరపడరన్నది మాత్రం నిజం. అది దాచిపెట్టి ఒప్పించకండి, ఆయనకు ముందే చెప్పండి.

చివరగా, దోస్త్ సీటు ముందే వస్తుంది, ఐఏటీ, నెస్ట్, సీయూఈటీ ఫలితాలు తర్వాత ఎప్పుడో వస్తాయి. ఈ మధ్యకాలంలో దోస్త్ మానేయకండి. మొదటి విడతలోనే రిపోర్టు చేసి సీటు నిలబెట్టుకోండి. కాలేజీ వాళ్లు మెమోలు, ఇతర ఒరిజినల్స్ చూసి వెనక్కి ఇచ్చేయాలి, తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. టీసీ ఒక్కటి తీసుకుంటారు. అది ఇచ్చే ముందు నాలుగు జిరాక్సులు తీసి, ఇచ్చినట్టు రసీదు అడగండి. తర్వాత ఐసర్ సీటొస్తే టీసీ వెనక్కి తీసుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఐసర్ రిపోర్టింగ్ తేదీకి అంత వ్యవధి చూసుకోండి. ఏ పెద్ద చోటా రాకపోతే అదే కాలేజీలో చేరి చదువుకుంటూ మళ్లీ ఐఏటీ రాయొచ్చు, ఇంటర్ పాసైన ఏడాదీ, ఆ మరుసటి ఏడాదీ రాయనిస్తున్నారు. ఆ రెండోసారికి బయాలజీ నోట్సు పారేయకుండా దాచమనండి.